మారుపేర్ల వాడల్లో అసలు పేర్లు

హైదరాబాద్‌లో 'వారసత్వం' అనగానే మనకు దేవిడీలు, కమాన్లు, మెట్లబావులు గుర్తొస్తాయి. ఆదివారం పొద్దున్నే కెమెరాలు మెడలో వేసుకుని చేసే హెరిటేజ్ వాక్ గుర్తొస్తుంది. నస్పూర్‌లో ఆ మాటకు ఒక్కటే అర్థం: తండ్రి చేసిన బాయి నౌకరి కొడుక్కి రావడం. "వాళ్లకు వారసత్వం అయిందట" అంటే ఇల్లో పొలమో కలిసొచ్చిందని కాదు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చిందని.

ఆ వారసత్వ ఉద్యోగాలు చాలా ఏళ్లు ఆగిపోయి ఉండె. 2016లో మళ్లీ ఇస్తామని సింగరేణి ప్రకటించింది. 2017లో హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగానికి అందరికీ సమాన అవకాశం ఉండాలి, తండ్రి నుంచి కొడుక్కి చేతులు మారకూడదని దాని సారాంశం. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో, మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు వేరే దారి తెరిచారు. కోర్టు మాటతో నాకు పేచీ లేదు. నౌకరి వారసత్వం కాదని తేలింది కదా, మరి ఈ వాడల్లో వారసత్వం ఏది? ఈ ప్రశ్న కంపెనీ అడగలేదు, యూనియన్లు అడగలేదు. హెరిటేజ్ ప్రేమికులకు ఈ ఊరు ఏ జిల్లాలో ఉందో కూడా తెలియదు. అడగాల్సిన సాహిత్యం వాళ్లేమో ఇంకా జెండా దగ్గరా జనాజా దగ్గరా నిలబడి ఉన్నారు. గడప దాటి ఇంట్లోకి రాలేదు.

మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద ఉంటుంది నస్పూర్. కంపెనీ లెక్కలో ఇది శ్రీరాంపూర్ ఏరియా. చుట్టూ ఆర్కే-5, ఆర్కే-6, ఆర్కే-7, ఎస్సార్పీ-1, ఎస్సార్పీ-3 అంటూ నంబర్లే పేర్లయిన బాయిలు, పక్కన ఓపెన్‌కాస్టు, దాని మట్టి పోసి పోసి లేచిన గుట్టలు. ఇక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. 2018లో ఈ ఊరు మున్సిపాలిటీ అయింది. జిల్లా కొత్త కలెక్టరేట్ ఇక్కడే కట్టి 2023లో తెరిచారు. 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిపేశారు. మున్సిపాలిటీ బోర్డు రంగు వెలవక ముందే మున్సిపాలిటీ పోయింది.

ఆటో ఎక్కి "సీసీసీ" అంటే చాలు, దించుతాడు. దుకాణాల బోర్డుల మీద, పెళ్లి కార్డుల మీద, అంతటా సీసీసీ. ఆ మూడక్షరాలు కోల్ కెమికల్ కాంప్లెక్స్. బొగ్గును గాలి తగలకుండా తక్కువ వేడి మీద ఉడికించి పొగరాని ఇంధనం తీయాలని పెట్టిన ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ పోయింది, పేరు మిగిలింది. రోజూ ఆ పేరు పలికే పిల్లల్లో ఎంతమందికి దాని అర్థం తెలుసో అడిగి చూడండి. పక్కనే గోదావరిఖని ఉంది, అది ఊరి పేరు కన్నా ముందు బాయి పేరు. ఈ బెల్టులో పేర్లు ఇట్లాగే ఉంటాయి. మొదట అర్థం జారిపోతుంది, తర్వాత మనుషులు.

ఊరి పేరు అర్థం పోతే పెద్ద నష్టం లేదనుకోవచ్చు. మనిషి పేరే పోతే?

సింగరేణిలో 'మారుపేర్లు' అని ఒక మాట ఉంది. బయటివాళ్లకు అజ్ఞాతంలో ఉన్నవాళ్ల మాటలా వినబడుతుంది. నిజానికి అది మస్టర్ కాగితాల మాట. వెనకటి రోజుల్లో చాలామంది ఒకరి పేరు మీద మరొకరు పనిలో చేరారు. బాయి లోపలి చీకటికి జడిసి ఒకడు ఊరికి పారిపోతే, వాడి కాగితం మీద ఇంకొకడు దిగాడు. అన్న పేరు మీద తమ్ముడు, ఊరివాడి పేరు మీద ఊరివాడు. వయసో కార్డో ఏదో ఒకటి సరిపోక ఇంకొకరి పేరు కప్పుకుని, అదే పేరు మీద ముప్పై ఏళ్లు తట్టా చెమ్మస్ పట్టి రిటైరైనవాళ్లున్నారు. పే స్లిప్పులో ఒక పేరు. సొంతూరి భూమి కాగితంలో, కొడుకు టెన్త్ మెమోలో ఇంకో పేరు. జీతం వచ్చినన్నాళ్లూ అదొక సంగతే కాలేదు. దిగిపోయే రోజు అయింది. కంపెనీ రికార్డులో తండ్రికీ, సర్టిఫికెట్‌లో తండ్రికీ పేరు కలవదు కాబట్టి కొడుకు కొడుకు కాకుండా పోయాడు. మారుపేర్ల సమస్య తీర్చాలన్నది అప్పటి నుంచి యూనియన్ల డిమాండ్లలో ఒకటి. ఎన్నికలొస్తే హామీ కూడా అవుతుంది.

దీన్ని అందరూ ఉద్యోగం చిక్కుగానే చూశారు. నాకు ఇందులో చరిత్ర చిక్కు కనిపిస్తుంది. ఇంకో యాభై ఏళ్లకు ఎవరో పరిశోధకురాలు శ్రీరాంపూర్ బాయిల రికార్డులు తీస్తుందనుకుందాం. ఫలానా క్వార్టర్‌లో ఫలానా ఆయన ఉన్నాడని, ఇన్నేళ్లు కోల్ ఫిల్లర్‌గా చేశాడని రాసుకుంటుంది. ఆ పేరుగల మనిషి ఆ క్వార్టర్‌లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అతను ఎక్కడో కరీంనగర్ దిక్కు పల్లెలో నాగలి పట్టుకుని బతికి చచ్చిపోయాడు. బొగ్గు తీసిన మనిషి పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది తెలిసినవాళ్లు ఎవరు? పక్కింటామె. ఆయన తల్లి ఊరి నుంచి వచ్చినప్పుడు గల్లీలో నిలబడి ఏ పేరు పెట్టి కేకేసిందో విన్న పక్కింటామె. ఈ ఊళ్లో రికార్డు ఆమె దగ్గర ఉంది. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి.

అందుకే 'కాలనీ జ్ఞాపకాలు' అంటూ ఫేస్‌బుక్‌లో వచ్చే పోస్టులతో నాకు గొడవ. ఆ పాత సినిమా హాలు, ఆ మిర్చి బజ్జీ, ఆ దసరా మేళా. తియ్యగా ఉంటాయి, కాదనను. కానీ ఆ తీపి వల్ల ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. ఈ వాడల మాట పాత రోజుల ముచ్చటగా మారిపోతోంది. నిజానికి అది సాక్ష్యం. కాగితం తప్పు చెప్పిన చోట మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం.

కంపెనీ చరిత్ర మనకు కొరత లేదు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కోవడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1889లో తవ్వకం మొదలు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అని పేరు. డిసెంబర్ 23న ఏటా ఆవిర్భావ దినోత్సవం. ఎన్ని టన్నులు, ఎంత టర్నోవర్, ఎంత బోనస్, అన్నీ లెక్క ఉన్నాయి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారన్న లెక్కా ఉంది. ఆ తేడా ఎట్లా కనిపిస్తుందో తెలియాలంటే మాత్రం సాయంత్రం పూట క్వార్టర్ల లైన్లలో నడవాలి. ఏ తలుపుకు తాళం ఉందో, ఏ వాకిట్లో ముగ్గు లేదో చూడాలి.

ఆ ఇళ్ల సంగతికి వద్దాం. కంపెనీ క్వార్టర్ అంటే ఒకే గీతతో గీసి వందల సార్లు అచ్చు వేసిన ఇల్లు. ముందు వరండా, ఒకటో రెండో గదులు, వంటిల్లు, వెనక దొడ్డి, గోడ మీద నంబర్. గ్రేడును బట్టి ఇంటి టైపు. దూరం నుంచి చూస్తే ఏ ఇల్లు ఎవరిదో తెలియదు. దగ్గరికి పోతే ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. ఒకాయన వరండాకు తడకలు కట్టి గది చేశాడు, ఎందుకంటే ఊరి నుంచి తమ్ముడు పని వెతుక్కుంటూ వచ్చి నాలుగేళ్లున్నాడు. ఒకామె వెనక దొడ్డి సగం మూసి బర్రెను కట్టింది. ఇంకొకరు రేకుల షెడ్డు వేసి కిరాణం పెట్టారు, గోల్డెన్ హ్యాండ్‌షేక్ డబ్బుతో. జామచెట్టు, మునగచెట్టు, గోరింట. కంపెనీ బొగ్గుతో వండిన రోజుల మసి వంటింటి గోడకు సున్నం కింద ఇంకా ఉంటుంది. గోరుతో గీకితే నల్లగా వస్తుంది. కంపెనీ భాషలో తడకల గదీ, కిరాణం షెడ్డూ 'అనధికార నిర్మాణాలు'. నన్నడిగితే నస్పూర్‌లో నిర్మాణమంటూ ఏదైనా ఉంటే అదే. మిగతాది డ్రాయింగు.

క్వార్టర్ దొరకనివాళ్లు కంపెనీ జాగల్లోనే గుడిసెలు వేసుకున్నారు. గుడిసె రేకులైంది, రేకులు స్లాబయ్యాయి. ఆ ప్రతి మార్పు వెనకా ఒక సంగతి ఉంటుంది. చిట్టీ ఎత్తడం, బిడ్డ పెళ్లి, సమ్మెలో పోయిన జీతం, బాయిలో తెగిన వేలుకు వచ్చిన పరిహారం. ఒక ఇంటి గోడలు ఏ ఏడు ఎంత లేచాయో అడిగితే ఈ బెల్టు ఆర్థిక చరిత్ర మొత్తం ఆ ఇంటామె వరసగా చెప్పేస్తుంది. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి నెలకు పైగా ఆగిపోయిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ నెల ఏ ఇంట్లో ఏ పుస్తె కుదువకు పోయిందో చెప్పగలిగేది ఆమే.

ఇంకా ఉంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఒక లైను మొత్తం గొంతు తగ్గించి బతుకుతుంది. పిల్లలు పక్క లైన్లోకి పోయి ఆడతారు. మూడు షిఫ్టుల కుటుంబాలు పక్కపక్కనే ఉంటే ఆ లైను ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు దంచాలి, ఎప్పుడు టీవీ పెట్టాలి అన్నదానికి ఎవరూ రాయని ఒప్పందం ఒకటి ఉండాలి. కూత కాని వేళ కూత వినబడితే తలుపులు ఏ వరసలో తెరుచుకుంటాయో ఆడవాళ్లకు తెలుసు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూమి లోపల పనికి పోకుండా ఆపింది, 2019లో గానీ సడలించలేదు. అంటే ఈ ఊళ్లో ఎక్కువమంది ఆడవాళ్ల పని జీవితమంతా, బీడీలు చుట్టడంతో సహా, ఈ గోడల మధ్యే గడిచింది. ఇంటి చరిత్ర వదిలేస్తే బొగ్గు చరిత్రలో సగం మంది అసలు లేనట్టే.

అట్లా అని క్వార్టర్ల లైనును స్వర్గం చేయొద్దు. పల్లెలో మాల, మాదిగ వాడలు విడిగా ఉండేవి. ఇక్కడ కంపెనీ గ్రేడు చూసి ఇల్లిచ్చింది, కులం చూసి కాదు. దాంతో కులం పోయిందని చాలామంది ఉపన్యాసాలిచ్చారు. పోయిందా? నల్లా దగ్గర బిందెల వరస ఎట్లుండేది, పండగ అప్పాలు ఏ గోడ దాటేవి, ఏ గోడ దగ్గర ఆగిపోయేవి, ఎవరు కిరాయికి ఇచ్చేముందు ఏం అడిగేవాళ్లు. ఇంటింటి కథలు రాసుకుంటే మనకు నచ్చని జవాబులు కూడా వస్తాయి. రావాలి.

మరి నగరంలో మనం ఈ బొగ్గు నేలను ఎట్లా చూస్తున్నాం? 2023లో 'దసరా' సినిమా వచ్చింది. దర్శకుడు గోదావరిఖని ప్రాంతం మనిషి. సినిమా నచ్చినవాళ్లుంటారు, నచ్చనివాళ్లుంటారు, అది వేరే సంగతి. ఊరు కోసం హైదరాబాద్ దగ్గర సెట్ వేశారు. గోడ మీద మసి ఎంత పట్టాలి, రేకు ఎంత తుప్పు పట్టాలి అని కళా దర్శకుడు, మనుషులు శ్రద్ధగా ఆలోచించి చేశారు. షూటింగ్ అయ్యాక సెట్ పని అయిపోయింది. అసలు గోడల మీద అంత శ్రద్ధ పెట్టిన ప్రభుత్వ శాఖ గానీ, యూనివర్సిటీ గానీ, సాహిత్య సంస్థ గానీ ఉంటే నాకు చెప్పండి. నకలు మసికి బడ్జెట్ దొరికింది.

సాహిత్యం రాలేదని అనడం లేదు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ ఈ నేల నుంచే రాశారు. దేవూరి శేషగిరి మీద చంద్ రాసిన 'శేషగిరి' నవల లేకపోతే కొత్తగూడెం దిక్కు తొలి యూనియన్ల కాలం మనకు అంత దగ్గరగా తెలిసేది కాదు. వాళ్లు రాయాల్సినప్పుడు రాయాల్సింది రాశారు. పోరాటం నడుస్తున్నప్పుడు పోరాటమే కథ అవుతుంది. చిక్కు వాళ్ల తర్వాత వచ్చింది. బొగ్గు కార్మికుడంటే టోపీ మీద ల్యాంపు, బిగించిన పిడికిలి అన్న బొమ్మను కవిసమ్మేళనాలు ముప్పై ఏళ్లుగా అరగదీస్తున్నాయి. ఆ బొమ్మకు ఇల్లు లేదు, పెళ్లాంతో గొడవ లేదు, మోకాళ్ల నొప్పి లేదు, మారుపేరు అసలే లేదు. అమరుడు కాకుండా షుగర్‌తో చనిపోయిన కార్మికుడి గురించి కవిత చదివిన గుర్తుందా మీకు?

ఇప్పుడు నాకు ఎదురయ్యే మాట, గట్టి మాట, ఒకటుంది. "ఇంటికి పట్టా లేదు, పోరనికి నౌకరి లేదు, బ్లాస్టింగ్‌కు గోడలు పగులుతున్నయ్. ఈడ కథలు రాసుకుని ఏం జేస్కోవాలె?" ఇది ఎగతాళి మాట కాదు, ఆకలి మాట. దీనికి సాహిత్యం గొప్పదని జవాబు చెబితే చెంప మీద కొట్టినా తప్పులేదు.

కానీ ఆ మాటలో ఉన్న పట్టానే తీసుకోండి. సింగరేణి జాగల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలిచ్చారు. మంచి పనే. పట్టా కావాలంటే ఏం చూపాలి? ఎప్పటి నుంచి ఉంటున్నారో చూపాలి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఇంకేదైనా కాగితం. కాగితాలు సరిగ్గా లేనివాళ్లే కదా ముందు నుంచీ ఈ బెల్టుకు వచ్చింది. ఏ ఇంట్లో ఎవరు ఏ ఏడు నుంచి ఉన్నారన్నది వాడ వాడంతా కలిసి చెప్పి, రాసి, గొంతు రికార్డు చేసి పెట్టుకుని ఉంటే, అది రేపు ఏ ఆఫీసు బల్ల మీదైనా పెట్టడానికి ఒక ఆధారం అవుతుంది. గోడ పగులుకూ అంతే. ఆ పగులు ఓపెన్‌కాస్టుకు ముందు ఉందా తర్వాత వచ్చిందా అన్న కొట్లాటలో పాత ఫొటో ఒకటి నాలుగు వినతిపత్రాల కన్నా ఎక్కువ పని చేస్తుంది. కథా పట్టా ఎదురెదురు కావు. కథ లేనివాడికే పట్టా ఆలస్యమవుతుంది.

ఇది కొత్త ఆలోచన అని కూడా అనుకోవద్దు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ల దగ్గరికి టేప్ రికార్డర్లతో పోయి, వాళ్ల మాటలు వాళ్లవిగానే అచ్చు వేసింది. అప్పటికి పోరాటం ఆగి ముప్పై అయిదేళ్లు. ఇంకో పదేళ్లు ఆగి ఉంటే అందులో సగం గొంతులు దొరికేవి కావు. బొంబాయి గిర్ణీ మిల్లులు మూతపడ్డాక మీనా మీనన్, నీరా అదార్కర్ కార్మికవాడల్లో తిరిగి, నూరేళ్ల గిరణ్‌గావ్‌ను అక్కడి మనుషుల మాటల్లోనే 2004లో పుస్తకం చేశారు. ఇప్పుడు ఆ మిల్లుల జాగల్లో మాల్స్ ఉన్నాయి. చాల్‌లో వంట ఎట్లా నడిచేదో, సమ్మెలో ఎవరు ఎవరికి బియ్యం ఇచ్చారో మాత్రం ఆ పుస్తకంలో ఉంది. తెలంగాణ నుంచి వలసపోయిన నేతగాళ్లు కూడా ఆ మిల్లుల్లో చేశారు కాబట్టి అది కొంత మన కథే.

ఫ్రాన్స్ ఉత్తరాన నోర్ పా ద కలే అని బొగ్గు ప్రాంతం ఉంది. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో కోటలు లేవు. బాయిలు, రైల్వే స్టేషన్లు, కార్మికుల ఇళ్ల వరసలు, చివరికి బొగ్గు తీసేటప్పుడు పారబోసిన మట్టి గుట్టలు కూడా ఉన్నాయి. ఇండోనేషియాలో ఒంబిలిన్ బొగ్గు గనుల పట్టణానికి 2019లో ఆ గుర్తింపు వచ్చింది. నస్పూర్‌కు యునెస్కో బోర్డు కావాలని నా వాదన కాదు. బోర్డు పెడితే టికెట్ పెడతారు, టికెట్ పెడితే ఉంటున్నవాళ్లను ఖాళీ చేయమంటారు. బొగ్గు మట్టి గుట్టను వారసత్వంగా చూసే కన్ను ప్రపంచంలో ఉందని మాత్రమే అంటున్నా. మనకు మెట్లబావి దాటి ఆ కన్ను పోవడం లేదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. బెల్లంపల్లి చాలు. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కార్మికులు వేరే ఏరియాలకు బదిలీ అయ్యారు, వాళ్లతో పాటు లైన్లూ చెదిరాయి. ఇల్లందులో భూగర్భ బాయిల కాలం ఇంకా ముందే అయిపోయింది. కంపెనీకే పేరిచ్చిన సింగరేణి ఊరు ఆ పక్కనే ఉంది. శ్రీరాంపూర్ ఏరియా బాయిలకు ఇంకా కొంత కాలం ఉంది. క్వార్టర్లలో ఇంకా మొదటి తరం ముసలివాళ్లు, కొడుకుల దగ్గర, ఉన్నారు. అందుకే ఇప్పుడే అంటున్నా.

చేయాల్సిన పని పెద్దదేం కాదు, ఓపిక పని. ఒక లైను తీసుకోవాలి. ఆ లైను పటం గీయాలి. ప్రతి ఇంటి నంబర్ కింద, కట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎవరెవరు ఉన్నారో రాయాలి. తర్వాత లైను. ఇట్లా పది మంది పదిళ్ల చొప్పున పంచుకుంటే ఒక వాడ ఏడాదిలో అవుతుంది. ఈ పత్రికల్లో కథలు రాసే కుర్రాళ్లలో, అమ్మాయిల్లో మంచిర్యాల, మందమర్రి, గోదావరిఖని నుంచి వచ్చినవాళ్లు తక్కువేం లేరు. సంక్రాంతికి పోయినప్పుడు రీల్ చేయడానికి పట్టే సమయం చాలు. కంపెనీ నుంచి కావాల్సింది ఒక్కటే. క్వార్టర్ అలాట్‌మెంట్ రిజిస్టర్లు, పాత మస్టర్ పుస్తకాలు ఎన్నటికీ పాత పేపర్ల కింద తూకానికి పోకూడదు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, అక్కడికి చేరాలి. వాటిలో పేర్లు తప్పే కావచ్చు. తప్పు పేరూ, వాడ చెప్పే అసలు పేరూ పక్కపక్కన ఉన్నప్పుడే ఆ మనిషికి ఏం జరిగిందో అర్థమవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం తొందర పనికిరాదు. మారుపేరు మీద ఇప్పటికీ పని చేస్తున్నవాళ్లు, పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు ఉంటారు. మనం ఉత్సాహంగా అసలు పేరు అచ్చేస్తే ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోవచ్చు. కాబట్టి రాసుకున్నది రాసుకున్నట్టు బయట పెట్టకూడదు. ఏది ఇప్పుడు చెప్పాలి, ఏది వాళ్లు పోయాక చెప్పాలి, ఏది వాళ్ల పిల్లలు ఒప్పుకుంటేనే చెప్పాలి అన్నది ఆ ఇంటివాళ్లే తేల్చాలి, రాతపూర్వకంగా. మన పేరు కింద పుస్తకం రావడం ఆలస్యమైతే కానీ. అసలు ఆ పుస్తకం మన పేరు మీదే రావాలని ఏముంది?

అందుకే తలుపు తట్టగానే "మీ పేరేంటి" అని అడగొద్దు. ఈ ఊళ్లో అది కంపెనీ అడిగే ప్రశ్న, పోలీసు అడిగే ప్రశ్న. వాకిట్లో కూర్చుని, మంచినీళ్లు తాగి, "అమ్మా, ఈ జామచెట్టు ఎవరు పెట్టిండ్రు?" అని అడగండి. చెట్టు పెట్టిన మనిషి ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎందుకు వచ్చాడో ఆమె చెబుతుంది. రెండో గ్లాసు టీకి వచ్చేసరికి పేరు కూడా చెబుతుంది, రెండు పేర్లూ.